చదువు ఒకటే, పరీక్ష ఒకటే, మరి టెక్సాస్‌లో కుదరని కంటి లేజర్ ఓక్లహోమాలో ఎలా కుదురుతోంది?

ఫ్రిస్కో కోడలు:

అందరికీ నమస్తే. మా మామయ్యగారికి రెండేళ్ళ కిందట ఇక్కడే డాలస్‌లో రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు కూడా కళ్ళజోడు లేకుండా చదివేసేవారు, అంత బాగా కుదిరింది. ఈమధ్య కుడి కన్ను మళ్ళీ మసకబారింది, రాత్రిళ్ళు ఎదురొచ్చే కార్ల లైట్లు పువ్వులా విచ్చుకున్నట్టు కనబడుతున్నాయట. పవర్ మారిందేమోనని అద్దాల షాపు పక్కన ఉండే ఆప్టోమెట్రిస్ట్ (కళ్ళు పరీక్షించి అద్దాలు రాసే ఆయన) దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చుక్కలు వేసి చూసి, స్క్రీన్ మీద ఫోటో పెట్టి మరీ చూపించాడు. ఆపరేషన్‌లో పెట్టిన లెన్స్ వెనకాల పల్చటి పొర ఉంటుందట, అది మంచు పట్టిన అద్దంలా తెల్లగా అయిపోయింది. యాగ్ లేజర్ అని ఐదు నిమిషాల పని, దాంతో సరిపోతుంది, కానీ టెక్సాస్‌లో నేను చేయకూడదు, ఆఫ్తాల్మాలజిస్ట్ (ఆపరేషన్లు చేసే కంటి డాక్టర్) దగ్గరికి వెళ్ళండి అని కాగితం రాసిచ్చాడు. అక్కడ ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ నెలల మీదికి పోయింది.

ఇది విని ఓక్లహోమాలోని టల్సాలో ఉండే మా ఆడపడుచు, "ఇంత దానికి నెలలేంటి, మా ఆప్టోమెట్రిస్ట్ తన క్లినిక్‌లోనే చేస్తుంది, కారెక్కి వచ్చేయండి" అంటోంది. నాకు అర్థం కానిది అదే. ఇద్దరూ ఒకే డిగ్రీ చదివారు కదా, రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు రెడ్ రివర్ దాటగానే ఆవిడకి వచ్చిన పని ఇక్కడ ఈయనకి రాకుండా ఎలా పోతుంది? ప్రమాదం అయితే అక్కడ ఎందుకు ఒప్పుకున్నారు, కాకపోతే ఇక్కడ ఎందుకు ఆపారు? మామయ్యగారు "వాడికి రాదేమో, మొహమాటపడి అలా చెప్పాడు" అని తేల్చేశారు.

ఇంకో చిన్న సందేహం. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో బీఆప్టమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) చేసింది, పెళ్ళయి ఇక్కడికి వస్తోంది. ఇక్కడ పరీక్ష రాసి ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా?

ప్లేనో కళ్ళజోడు:

నేను టెక్సాస్‌లో లైసెన్స్ ఉన్న ఆప్టోమెట్రిస్ట్‌ని. ముందు మీ మామయ్యగారికి చెప్పండి, ఆయనకి రాక కాదండీ, చేస్తే లైసెన్స్ పోతుంది.

మీరన్నది నిజమే, చదువు ఒకటే. డిగ్రీ తర్వాత నాలుగేళ్ళు ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) చదవాలి, నేషనల్ బోర్డ్ వాళ్ళ పరీక్ష మూడు భాగాలు రాయాలి, చివరిది ఎవరైనా సరే నార్త్ కరొలైనాలోని షార్లట్ వెళ్ళి చేతలతో చేసి చూపించాలి. అక్కడిదాకా దేశమంతా ఒకటే. ఆ తర్వాత లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం బోర్డు, ఆ లైసెన్స్‌తో ఏం చేయచ్చో రాసేది రాష్ట్ర శాసనసభ. బోర్డుకి నచ్చినా మాకు నచ్చినా చట్టంలో లేనిది చేయలేం. మా చట్టంలో సర్జరీ మాకు లేదు, లేజర్‌ని సర్జరీ కిందే లెక్కేస్తారు.

ఈ గీత ఎప్పుడూ ఒక్కచోట లేదు. 1901లో మిన్నెసోటా మొట్టమొదటి ఆప్టోమెట్రీ చట్టం చేసినప్పుడు మా వాళ్ళ పని పవర్ చూసి అద్దాలివ్వడం, అంతే. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూడ్డానికి కూడా హక్కు లేదు. ఆ చుక్కలకి మొదట ఒప్పుకున్నది రోడ్ ఐలండ్, 1971లో. జబ్బుకి మందు రాయచ్చని వెస్ట్ వర్జీనియా 1976లో అంది. అక్కణ్ణించి ఒక్కో రాష్ట్రం, ఒక్కో మందు, ప్రతిదానికీ యుద్ధమే. మసాచుసెట్స్‌లో, అదీ బోస్టన్ లాంటి పెద్ద పెద్ద ఆసుపత్రులున్న చోట, గ్లకోమాకి చుక్కలు రాసే హక్కు మా వాళ్ళకి 2021 చట్టంతో గానీ రాలేదు. దేశంలో అన్నిటికన్నా చివర వాళ్ళే.

లేజర్ సంగతికొస్తే ఓక్లహోమా 1998లోనే చట్టం చేసింది. పదమూడేళ్ళపాటు ఇంకెవరూ కదల్లేదు. 2011లో కెంటకీ, 2014లో లూయిజియానా, తర్వాత అలాస్కా, ఆర్కాన్సా, మిసిసిపీ, వయోమింగ్, వర్జీనియా, కొలరాడో... ఆర్కాన్సాలో అయితే 2019లో చట్టం పాసయ్యాక దీన్ని ప్రజల ఓటుకి పెట్టాలని వ్యతిరేకులు సంతకాలు సేకరించారు, ఆ సంతకాలు చెల్లవని కోర్టు తేల్చాకే చట్టం నిలబడింది. కాలిఫోర్నియాలో 2022లో రెండు సభలూ దాటిన బిల్లుని గవర్నర్ వీటో చేశాడు. టెక్సాస్‌లో మేం అడుగుతూనే ఉన్నాం, టెక్సాస్ ఇవ్వకుండానే ఉంది.

డబ్బులు కూడా ఈ గీత వెంటే పోతాయి. 1987 నుంచి మెడికేర్ (పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలో మేం కూడా ఫిజీషియన్లమే, కానీ మా రాష్ట్రం ఒప్పుకున్న పనుల వరకే. అంటే ఒకే లేజర్‌కి టల్సాలో ఆవిడ బిల్లు వేస్తే మెడికేర్ కడుతుంది, నేను వేస్తే అది నేరం.

నా అభిప్రాయం దాచను, యాగ్ క్యాప్సులాటమీ మా చదువులో నేర్పేదే, నేషనల్ బోర్డ్‌లో లేజర్‌కి విడిగా ఒక పరీక్ష కూడా ఉంది. పేషెంట్‌ని నెలల తరబడి మసకలో కూర్చోబెట్టడం కన్నా నేను చేయడం మేలు.

ఐదో మెట్టు:

నేను ఆఫ్తాల్మాలజీ రెసిడెంట్‌ని, అవతలి పక్షం అనుకోండి. పైన రాసినదాంట్లో చరిత్ర అంతా కరెక్టే, చివరి పేరా దగ్గరే తేడా.

యాగ్ ఐదు నిమిషాల పనే. ఎర్రటి గురి చుక్కని ఆ పొర మీద సరిగ్గా ఫోకస్ చేసి ఒక్కో పల్స్ కొడుతూ మధ్యలో చిన్న కిటికీ తెరుస్తాం. ఫోకస్ కాస్త ముందుకొస్తే లెన్స్ మీద గుంట పడుతుంది, జీవితాంతం అక్కడే ఉంటుంది. కానీ చేతిపని ఎవరైనా నేర్చుకుంటారు, నా పేచీ దాంతో కాదు. ఆ మసక నిజంగా ఈ పొర వల్లేనా, లేక మాక్యులాలో (రెటీనా మధ్యభాగంలో) నీరు చేరిందా, రెటీనా అంచున ఎక్కడైనా చిరుగు ఉందా అన్నది ముందు తేల్చాలి. లేజర్ తర్వాత కంటి ప్రెషర్ లేస్తే, తక్కువమందికే అయినా రెటీనా ఊడితే, అప్పుడు చేయాల్సింది చేయగలగాలి. మేం మెడికల్ స్కూల్ నాలుగేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఏడాది, రెసిడెన్సీ మూడేళ్ళు చేసేది ఈ "ఆ తర్వాత" కోసం.

ఊరికే అనడం లేదు, ఓక్లహోమా మీదే ఒక స్టడీ ఉంది, 2016లో జామా ఆఫ్తాల్మాలజీలో వచ్చింది. గ్లకోమాకి చేసే లేజర్ ట్రాబెక్యులోప్లాస్టీ ఎవరు చేశారో, అదే కంటికి మళ్ళీ చేయాల్సి వచ్చిందో లేదో మెడికేర్ బిల్లుల నుంచి లెక్క తీశారు. ఆఫ్తాల్మాలజిస్టులు చేసిన కళ్ళల్లో 15.1 శాతానికి మళ్ళీ చేయాల్సి వస్తే, ఆప్టోమెట్రిస్టులు చేసిన కళ్ళల్లో 35.9 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ.

ప్లేనో కళ్ళజోడు:

ఆ స్టడీ ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను :) ఆ లేజర్‌ని ఒకేసారి చుట్టూ 360 డిగ్రీలు చేయచ్చు, లేదా సగం ఇవాళ, మిగతా సగం కొన్ని వారాల తర్వాత చేయచ్చు. జాగ్రత్త కోసం సగం సగం చేసేవాళ్ళకి రెండో విడత కూడా బిల్లుల్లో "మళ్ళీ చేశారు" అనే పడుతుంది. మొదటిది విఫలమైందా, లేక ముందే అలా అనుకున్నారా అన్నది బిల్లు చూసి చెప్పలేం. పైగా అది గ్లకోమా లేజర్, ఇక్కడ అడుగుతున్నది యాగ్.

ఐదో మెట్టు:

ఒప్పుకుంటాను, బిల్లుల డేటాకి ఆ లోపం ఉంది. అయితే సగం సగం చేసే అలవాటు ఒక వర్గానికే ఎందుకు అంత ఎక్కువగా ఉందో కూడా చెప్పాలి కదా. రెండుసార్లు వెళ్ళాలి, రెండుసార్లు కట్టాలి, పేషెంట్‌కి అది ఖర్చే.

గిల్డు వ్యతిరేకి:

మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కంటి మనిషిని కాదు, లైసెన్సింగ్ కేసులు చదవడం నా పిచ్చి. పైవాడు కిందివాణ్ణి ఆపితే "పేషెంట్ భద్రత" అంటాడు, కిందివాడు పైవాణ్ణి తోస్తే "పేషెంట్‌కి అందుబాటు" అంటాడు. ఇప్పుడు ఆప్టోమెట్రిస్టులు కిందివాళ్ళలా మాట్లాడుతున్నారు గానీ వాళ్ళ కింద అద్దాలు బిగించి ఇచ్చే ఆప్టీషియన్లు ఉన్నారు, వాళ్ళని ఏం చేశారో చూడండి.

ఇదే ఓక్లహోమా. అక్కడి 1953 నాటి చట్టం ప్రకారం ఆప్టోమెట్రిస్ట్ గానీ ఆఫ్తాల్మాలజిస్ట్ గానీ రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్ లేకుండా ఆప్టీషియన్ అద్దం బిగించకూడదు. మీ కళ్ళజోడు కిందపడి పగిలింది, ముక్క తీసుకెళ్ళి "సరిగ్గా ఇలాంటిదే చేసివ్వు" అన్నా కుదరదు, వాడి దగ్గర ఆ ముక్క పవర్ కొలిచే మెషీన్ ఉన్నా సరే. దీని మీద కేసు సుప్రీం కోర్టుదాకా వెళ్ళింది, 1955లో విలియమ్‌సన్ వర్సెస్ లీ ఆప్టికల్. ఈ చట్టం చాలా సందర్భాల్లో అనవసరమైన దండగ ఖర్చు పెట్టిస్తుండొచ్చు, కానీ లాభనష్టాలు తూచేది శాసనసభ, మేం కాదు అని కోర్టు తేల్చేసింది. అసలు ప్రశ్నకి జవాబు నాకు తెలిసి ఇదే. రెడ్ రివర్‌కి ఇటొకటీ అటొకటీ ఉన్నందుకు ఏ కోర్టూ కారణం అడగదు, శాసనసభకి ఏదో ఒక సాకు ఉంటే చాలు. ఇక శాసనసభలో ఎవరు గెలుస్తారో డాక్టర్ల సంఘానికీ ఆప్టోమెట్రిస్టుల సంఘానికీ ఉన్న బలాన్ని బట్టి ఉంటుంది.

బోర్డుల సంగతి ఇంకో కథ. అలబామాలో బోర్డు సభ్యులంతా సొంత ప్రాక్టీస్ ఉన్నవాళ్ళు. కంపెనీలో జీతానికి పనిచేసే ఆప్టోమెట్రిస్టుల లైసెన్సులు తీసేయడానికి విచారణ మొదలెట్టారు. వాళ్ళంతా పోతే ఆ పేషెంట్లు ఎవరి దగ్గరికొస్తారు? 1973లో గిబ్సన్ వర్సెస్ బెరీహిల్ కేసులో సుప్రీం కోర్టు, మీకు ఇందులో సొంత లాభం ఉంది, మీరు తీర్పరులుగా పనికిరారు అంది. తమాషా ఏంటంటే ఆ కంపెనీ కూడా లీ ఆప్టికలే. 2015లో నార్త్ కరొలైనా డెంటల్ బోర్డు కేసులో కోర్టు ఇంకాస్త ముందుకెళ్ళి, ఆ వృత్తివాళ్ళే నడిపే బోర్డుని రాష్ట్రం గట్టిగా పర్యవేక్షించకపోతే గుత్తాధిపత్య చట్టాల నుంచి మినహాయింపు లేదంది.

2016లో సౌత్ కరొలైనాలో ఆన్‌లైన్‌లో కంటి పరీక్ష చేసి అద్దాలు రాయడాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు, గవర్నర్ వీటో చేస్తే దాన్ని కూడా దాటేసి మరీ చేశారు. కొత్త పద్ధతి తమ కింద మొలిచేసరికి ఆప్టోమెట్రిస్టులు కూడా భద్రత పాటే పాడారు. ప్లేనో గారూ, కోపం తెచ్చుకోకండి.

ప్లేనో కళ్ళజోడు:

కోపం లేదు గానీ ఆన్‌లైన్ పరీక్షలో పవర్ వస్తుంది, కంటి లోపల ఏముందో రాదు. ఈ పోస్టే చూడండి, పవర్ మారిందేమో అని వచ్చినాయనకి దొరికింది పొర. ఫోన్‌లో అక్షరాలు చదివించుంటే కొత్త కళ్ళజోడు అమ్మి పంపేవాళ్ళు.

కంపెనీల గురించి మీరన్నది మాత్రం మాకూ తలనొప్పే. టెక్సాస్‌లో అద్దాల షాపుకీ ఆప్టోమెట్రిస్ట్ గదికీ మధ్య నేల నుంచి పైకప్పుదాకా గోడ ఉండాలి, పేషెంట్ లోపలికి రావడానికి మాకు వేరే ద్వారం ఉండాలి. షాపువాడు "ఇంతమందిని చూడు, అద్దాలు ఎక్కువ రాయి" అని డాక్టర్ని తోయకూడదని ఆ రూలు. ఫ్రిస్కో గారూ, ఆయన గదికి విడిగా తలుపుందా లేదా ఈసారి గమనించండి.

హెచ్‌4 రెటినోస్కోప్:

పిన్ని కూతురి ప్రశ్న అందరూ వదిలేశారు కాబట్టి నేను చెప్తాను, ఆ దారిలో వచ్చినదాన్నే.

నేరుగా పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవడం కుదరదు. రాష్ట్రాల బోర్డులు అడిగేది ఇక్కడ గుర్తింపు ఉన్న స్కూల్ ఇచ్చిన ఓడీ డిగ్రీ, మన బీఆప్టమ్‌ని దానికి సమానంగా చూడరు. డాక్టర్లకి విదేశీ ఎంబీబీఎస్‌తో పరీక్షలు రాసి రెసిడెన్సీలో చేరే దారి ఉంది కదా, అలాంటిది మనకి లేదు. ఉన్నది ఏంటంటే, బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ లాంటి చోట్ల బయటి దేశంలో ఆప్టోమెట్రీ చదివినవాళ్ళని పైతరగతిలో చేర్చుకునే ప్రోగ్రాం. నాలుగేళ్ళ బదులు తొందరగా అయిపోతుంది, కానీ సీట్లు తక్కువ, ఫీజు మామూలుగా లేదు. చేరాలనుకుంటే మార్కుల లిస్టులు, సిలబస్ కాపీలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కాలేజీ సీల్ వేయించి ఇప్పుడే తెచ్చుకోమనండి. ఇక్కడికొచ్చాక తెప్పించుకోవడం నరకం.

ఈలోపు ఊరికే కూర్చోనక్కర్లేదు, వర్క్ పర్మిట్ ఉంటే రెండు దారులున్నాయి. ఆఫ్తాల్మాలజిస్ట్ క్లినిక్‌లో టెక్నీషియన్, సీఓఏ అనే సర్టిఫికేషన్ ఉంటే త్వరగా తీసుకుంటారు. రెండోది ఆప్టీషియన్. ఇక్కడ కూడా రాష్ట్రాల గొడవే, న్యూయార్క్, న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో ఆప్టీషియన్‌కి లైసెన్స్ తప్పనిసరి, టెక్సాస్‌లో అక్కర్లేదు. కాబట్టి అమ్మాయి ఏ రాష్ట్రంలో దిగుతోందన్నది ముందు చూడండి.

ఒక మాట మాత్రం మనసు సిద్ధం చేసుకుని రమ్మనండి. నేను హైదరాబాద్‌లో రోజంతా రెటినోస్కోపీ చేసిన మనిషిని, పసిపిల్లల కళ్ళు కూడా స్ట్రీక్ పెట్టి చూసి పవర్ చెప్పేదాన్ని. ఇక్కడ నేను పనిచేసిన మొదటి క్లినిక్‌లో నాలుగు నెలలు నా చేత ప్రెషర్ చూడ్డం, చుక్కలు వేయడం, ఫారాలు నింపడం తప్ప ఇంకేమీ చేయించలేదు. రిఫ్రాక్షన్ (పవర్ చూసే పని) ఇచ్చాక కూడా సంతకం డాక్టర్‌ది. పవర్ సరిగ్గా వస్తే ఆయన పేరు, పేషెంట్ తల నొప్పంటూ తిరిగొస్తే నన్ను పిలుస్తారు.

ఫ్రిస్కో కోడలు:

ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ థాంక్స్. తలుపు సంగతి చెప్పాక గుర్తొచ్చింది, అవును, షాపులోంచి బయటికొచ్చి మళ్ళీ పక్క తలుపులోంచి లోపలికెళ్ళాం, అప్పుడు విసుక్కున్నాను కూడా. పిన్ని కూతురికి మొత్తం పంపించాను, సర్టిఫికెట్ల వేటలో పడింది.

ఇంతకీ టల్సా వెళ్ళమంటారా వద్దంటారా? మామయ్యగారికి షుగర్ ఉంది, అది మొదట్లో రాయలేదు.

ఐదో మెట్టు:

షుగర్ ఉంటే ముందు రెటీనా చూడాలి, మసకకి పొర ఒక్కటే కారణం కాకపోవచ్చు. మీ ఆప్టోమెట్రిస్ట్ మాక్యులాకి ఓసీటీ స్కాన్ (రెటీనా పొరల ఫోటో) తీశాడా అని అడగండి, తీసుంటే ఆ రిపోర్టుతో ఆయన్నే ఆఫ్తాల్మాలజిస్ట్ ఆఫీసుకి ఫోన్ చేయమనండి. పేషెంట్ చేస్తే నెలలు, డాక్టర్ చేస్తే వారాలు, ఇది మా ఆఫీసులో రోజూ చూస్తాను. క్యాన్సిలేషన్ లిస్టులో కూడా పేరు రాయించండి. శుక్లం తీసిన డాక్టర్ ఆఫీసుకి కూడా ఒకసారి ఫోన్ చేయండి, పాత పేషెంట్ అంటే ముందు డేట్ ఇస్తారు.

ప్లేనో కళ్ళజోడు:

ఇక్కడ నేను ఆయన పక్షమే. టల్సా ఆవిడ చేతిమీద అనుమానంతో కాదు. లేజర్ అయిన రాత్రి కంట్లో ఏదైనా తేడా అనిపిస్తే ఆవిడ నాలుగైదు గంటల దూరంలో ఉంటుంది, ఇక్కడి డాక్టర్ "నేను చేయలేదు" అంటాడు. సరే వెళ్తాం అనుకుంటే రెండు పనులు చేయండి. ఓక్లహోమా బోర్డ్ సైట్‌లో ఆవిడ పేరు కొట్టి లైసెన్స్ యాక్టివ్‌గా ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా చూడండి, అందరికీ కనబడుతుంది, డబ్బులక్కర్లేదు. తర్వాత చెకప్ డాలస్‌లో ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి, ప్రెషర్ చూడ్డం, రెటీనా చూడ్డం నాలాంటివాళ్ళం టెక్సాస్‌లో కూడా చేయచ్చు.

లేజర్ ఎక్కడ చేయించినా, చేయించకపోయినా, కళ్ళ ముందు ఒక్కసారిగా నల్ల చుక్కలు ముసిరినా, మెరుపులు కనబడినా, పక్కనుంచి తెర దిగుతున్నట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మామయ్యగారికి ఈ మూడూ ఇప్పుడే చెప్పి ఉంచండి, పెద్దవాళ్ళు పొద్దున్న చెబుదాంలే అని పడుకుంటారు.